ఏటి రాళ్ళ చెమట గుడిసె

తిరుచానూరు లాడ్జీల సందు మొగదల నాగరత్నమ్మ టీ అంగడి. ఆ పొద్దు మునిశేఖర్ ఒక గోనెమూట ధబీమని దించి బెంచీ మీద కూర్చున్నప్పుడే ఆమెకు అనుమానం మొదలైంది. ఊరికే మూట మోసే రకం కాదు అతను. పైగా ఆమె మొగుడు ఎల్లప్ప కొత్త తువ్వాలు భుజాన వేసుకుని అతని కోసమే కాచుకుని ఉన్నాడు. ఎల్లప్పకు రెండేండ్లుగా మోకాళ్ళ నొప్పులు. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు కూడా కట్టించి చూశారు.

"రేపు మా తోటలో చెమట గుడిసె, బావా! తలుపు మూసి కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఆవిరి. గంటలో నీ మోకాళ్ళు పరిగెత్తతాయి," అన్నాడు మునిశేఖర్.

రక్తపోటు మాత్రలు మింగే మనిషిని లోపల పెట్టి తలుపు మూస్తాడంట! నాగరత్నమ్మ చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టింది.

"నీకెవరు నేర్పించినారబ్బా?"

ఆ ఒక్క మాట కోసమే కాచుకున్నాడు మునిశేఖర్.

"అమెరికాలో ఆదివాసీ పెద్దోళ్ళక్కా. సరుకుల ఓడలో వంటోడిగా పోయినా గదా! వంచిన కొమ్మల మీద కంబళ్ళు కప్పిన గుడిసె. కాలిన రాళ్ళను తాతలంటారు, అంత మర్యాద. పాటలు, ప్రార్థన, మధ్యమధ్యలో తలుపు తీసేది. అందరూ నాలుగు విడతలు కూర్చున్నారు. నేనెన్ని కూర్చున్నానో తెలుసా? ఎనిమిది!"

"ఆ ఓడ సింగపూరుకు పోయిందన్నావే?" అన్నాడు టీ తాగుతున్న ఆటో గిరి.

"దారిలో అమెరికా తగల్తాది లేరా! ఆ మీదట మెక్సికో. ఆడ గుడిసె గుండ్రంగా, తల్లి కడుపు మాదిరి. దేకతా లోపలికి పోవల్ల, బయటికొస్తే మళ్ళా పుట్టినట్టు. నేను మూడు దినాలు బయటికే రాలా. వయసు తగ్గతా తగ్గతా మీసాలు రాలిపోయినాయి. ఇంకో పూటుంటే ఉగ్గు పట్టల్సొస్తాదని ఆడుండే ముసలమ్మ నన్ను బయటికి ఈడ్చింది!"

"మీసాలు ఇప్పుడున్నాయే?" గిరి వదల్లేదు.

"మళ్ళా పెంచినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫిన్లాండు! ఆడ కట్టెలతో కట్టిన గది. గుళ్ళో ఉన్నట్టు మెల్లగా మాట్లాడతారు, ఆకుల కట్టతో ఒళ్ళు తట్టుకుంటారు. నా చెమట తలుపు సందులోంచి పారి, బయట గడ్డకట్టిన చెరువంతా కరిగిపోయినాది. చేపలు ఉడికి పైకి తేలినాయి. ఉప్పు కూడా సరిపోయిందన్నారు ఊరోళ్ళు!"

"మరి ఆ ఎర్రగా కాలిన రాళ్ళు?" అంది నాగరత్నమ్మ.

"పసిబిడ్డల మాదిరి ఒళ్ళో పెట్టుకుని ఊపినానక్కా!"

అందరూ పగలబడి నవ్వారు. ఎల్లప్ప నవ్వలేదు. "రేపు ఎన్ని గంటలకు రావల్లప్పా?" అని ఆశగా అడిగాడు. నాగరత్నమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. నొప్పి మనిషిని ఎంతకైనా నమ్మిస్తుంది. ఏం చేసి ఆపాలో తోచక తల దించుకుంటే, మూట కింద నేలంతా తడిగా కనిపించింది.

"అందులో ఏముండాది?"

"తాతలక్కా! పొద్దున్నే స్వర్ణముఖి మడుగులోంచి ఏరినా. ఎంత నున్నగా ఉండాయో సూడు. రేపు సక్కా నిప్పుల్లోకే!"

నాగరత్నమ్మ ఒక రాయి తీసింది. నీళ్ళు కారుతున్నాయి. ఆమె తండ్రి బండలు కొట్టి బతికినవాడు.

"ఏట్లో నానిన రాయి నీళ్ళు తాగుంటాది. నిప్పుల్లో వేస్తే టపాకాయ మాదిరి పేలతాది. మా నాయన కన్ను అట్లే పోయినాది. రాళ్ళను తాతలన్న పెద్దోళ్ళు, ఏ రాయి ఏరల్లో నీకు చెప్పలేదా?"

మునిశేఖర్ మీసం దువ్వుకున్నాడు. "నా దగ్గర పేలవక్కా. మంత్రముండాది."

"అట్లయితే సరే."

పట్టకారుతో రాయిని పట్టుకుని బొగ్గుల పొయ్యి మీదికి తెచ్చింది. "గిరీ, అందరూ అవతలికి పోండి. శేఖరా, నువ్వు మాత్రం ఈడే కూర్చో. ఒళ్ళో పెట్టుకుని ఊపేవోడివి గదా!"

రాయి ఇంకా నిప్పును తాకనే లేదు, బెంచీ బోర్లా పడింది. చెప్పులు అక్కడే ఉన్నాయి. మునిశేఖర్ రోడ్డవతల పూలమ్మే ఆమె బండి వెనక నక్కి ఉన్నాడు.

నాగరత్నమ్మ రాయిని మళ్ళీ మూటలో వేసి చేతులు తుడుచుకుంది. ఎల్లప్ప భుజం మీది తువ్వాలు తీసి మడిచాడు. తర్వాత నవ్వుతూ రోడ్డవతలికి కేకేశాడు.

"శేఖరా! రేపు ఎన్ని గంటలకప్పా?"

"రేపు కుదరదు బావా! ఓడెక్కల్ల!"