అమ్మ రక్తం చెప్పిన సంగతి

హలో… ఊ, నేనే, సుచరితను. చెప్పు తేజన్నా.

… అరిస్తే పెట్టేస్తా. ఇప్పుడే కర్నూలు ల్యాబు నుంచి కల్లూరు ఇంటికొచ్చినా.

… అమ్మ రక్తం దొంగతనంగా తీయలే. నాయన పోయిన నాలుగు నెలలకు అమ్మ తానే వచ్చి సంతకం పెట్టి మా ల్యాబు పరిశోధనకు ఇచ్చింది. నా రక్తం గూడా అదే దినం ఇచ్చినా.

… అమ్ముకున్నానా? నోరు జాగ్రత్త. రిపోర్టు నీకెందుకు పంపినానో ముందు ఇను.

మన ఒంట్లో టీ కణాలని ఉంటాయి. వైరస్ ఏ కణంలో దూరినా, ఆ కణం వైరస్ ప్రొటీన్లను ముక్కలు చేసి పైన తగిలించుకుంటాది. టీ కణం వచ్చి తడిమి చూస్తాది. తనకు సరిపోయే ముక్కయితే పట్టేస్తాది. శానా దినాలు మర్చిపోదు…

— పాఠం కాదు, మనింటి సంగతే. మనమేసుకున్న టీకాలో వైరస్ పైనుండే ముల్లు ప్రొటీను ఒక్కటే. అమ్మ టీ కణాలు లోపలి ప్రొటీన్ను గూడా గుర్తుపట్టినాయి. అంటే అమ్మకు కరోనా వచ్చిపోయింది. నావి ముల్లును తప్ప దేన్నీ గుర్తుపట్టలే.

… ఆ. నాకు రాలేదనే అర్థం. నూటికి నూరు పాళ్లని ఏ పరీక్షా చెప్పదు, అందుకే నిన్నడుగుతాండా. నేను కర్నూలు నుంచి కరోనా మోసుకొచ్చి నాయనను చంపినానని కడపలో చుట్టాలందరికీ చెప్పినావే. నాయనకు రాకముందే వేంపల్లె పెండ్లికి పోయొచ్చి జ్వరంతో మిద్దె మీద వారం పండుకున్నిందెవరు?

… వదినే చెప్పింది. కాఫీ వాసన గూడా తెలీలేదంట నీకు. అంగడి మూయాల్సొస్తాదని పరీక్షకు పోలేదు. నాయనకు అన్నం నువ్వే తినిపించినావు.

… తప్పయిందని నాకు చెప్తే ఏమొస్తాది? అమ్మకు చెప్పు…

పక్కనే ఉండాదా? ఇయ్యి.

అమ్మా… అంతా ఇన్నావా?

… తెలుసా? ఎప్పటి నుంచి?

… మొదటి నుంచీ.

… వాని ఇంట్లో బతకాల, నిజమే. నన్ను నాయనను చంపిన బిడ్డని అందరూ అంటాంటే, నువ్వెట్ల ఊరకున్నావమ్మా?

… లే. ఏడుస్తా లేను.

… ఎల్లుండి సంవత్సరీకానికి వస్తాండా. మాసికాలప్పుడు మాదిరి గేటు బయట నిలబడను. లోపలికొచ్చి నాయన పటం ముందర కూర్చుంటా. వద్దనేవాణ్ని, ఆ జ్వరం ఎవరు తెచ్చినారో నలుగురిలో చెప్పి వద్దనమను.

… సరే. మాత్రలేసుకో.

పెట్టేస్తాండా.