జీతగాడు కాదన్నా

హలో… ఆ, నేనే. నందిగామ వెల్డింగు షెడ్డు బసవయ్యనే. చెప్పు నరేంద్రా.

… ఆ, చైతన్య వీసా సంగతేగా. ఏవైంది?

… రాలేదా.

… ఆగాగు. నిదానంగా చెప్పు, నీ స్పీడు నాకందదు. మా మనవడికి పని రాదన్నారా? ఆరేళ్ళబట్టి ట్రాక్టరు ట్రక్కులు కడుతున్నాడయ్యా! వాడేసిన అతుకు ఊడిందని ఒక్క రైతు వెనక్కొచ్చాడా? ఆ ఆస్ట్రేలియావోళ్ళని వచ్చి వాడి చేతులు చూసుకోమను. రవ్వలు పడి…

… పని సంగతి కాదా? మరి?

… ఎవరు కాదన్నారంట?

… ఓనరా?

… ఓనరు నేనేగదయ్యా.

… ఆ… ఒకమ్మాయి ఫోన్ చేసింది. పోయిన నెల్లో. తెలుగే మాట్టాడింది. ‘చైతన్య మీ దగ్గర జీతానికి పనిచేస్తున్నాడా అండీ’ అంది.

… ఏం చెప్తా! జీతమేందమ్మా, వాడు నా మనవడు, ఈ షెడ్డు వాడిదే, జీతానికుండే ఖర్మ వాడికేం పట్టలేదు అన్నా.

… ఆ అమ్మాయి వీసా ఆఫీసామెనా? నవ్వమాక. పెళ్ళిసంబంధం వాళ్ళు ఆరా తీస్తున్నారనుకున్నా. అంతకు ముందు వారమే జగ్గయ్యపేటోళ్ళు అట్టాగే ఫోన్ చేసి అడిగారు. జీతగాడంటే పిల్లనిస్తారా?

… ఏ కాయితం?

… ఆ, సంతకం నాదే. నువ్వు పెట్టమన్నచోట పెట్టా. అంతా ఇంగ్లీషాయె. అందులో జీతానికని రాశానని ఒక్క ముక్క చెప్పావా? ఇట్టా ఫోనొస్తది, ఇట్టా చెప్పు తాతా అన్నావా? నీ ఏజెంటు ఫీజుకైతే రోజుకి నాలుగుసార్లు చేశావుగా!

… సర్లే. ఆ అమ్మాయికే మళ్ళా ఫోన్ కలుపు. తప్పు నాదేనని చెప్తా.

… కుదరదా.

… మూడేళ్ళదాకా వీసా అసలు అడగనే కూడదా?

… దొంగ కాయితమేందయ్యా! వాడు చేసిన పని దొంగదా? ఆ వెల్డింగు మంటకి వాడు కార్చిన కళ్ళనీళ్ళు దొంగవా?

… ఏందీ? ఇంకో దేశానికి పెడతావా?

… ఇబ్రహీంపట్నంలో ఎవరి షెడ్డు? అక్కడ జీతానికి చేశాడని కాయితం రాయిస్తావా? వాడు దాని గడప కూడా తొక్కలేదుగదా.

… ఓహో. అదైతే పాసవుద్దా. బాగుందయ్యా నీ యాపారం.

… వాడికి తెలిసిందా?

… పొద్దున నీ ఆఫీసుకొచ్చాడా.

… నిన్ను మోసగాడన్నాడా. కాలరు పట్టుకున్నాడా.

… నువ్వు చెప్పేది వినకుండానే బండెక్కాడా. అయితే ఎవరివల్ల పోయిందో వాడికింకా…

… నేనే చెప్పాలా.

… ఆ, ఉండు. బండి చప్పుడు. వాడే.

… లేదులేదు, పెట్టెయ్యమాక. వాడికిస్తా, నువ్వే ఒక మాట… హలో? నరేంద్రా?

పెట్టేశాడు.

చైతన్యా… ఆ హెల్మెట్టు తీసి ఇట్టా కూర్చోరా.

ఆ నరేంద్ర కాదురా నిన్ను ముంచింది. ఆ ఫోన్ ఎత్తింది నేను.