చుట్టని పటం

1966. సిరిసిల్ల సాలెవాడలో, కులకథ చెప్పే ముసలాయన బొమ్మల పటాన్ని కులపెద్ద ఇంటి గోడకు వేలాడదీశాడు. కులపెద్ద దగ్గరికొచ్చాడు.

“తాతా, ఈ ఏడు మూడు దినాలు మగ్గాలు ఆపుడు కాదు. ఒక్క పొద్దుల ఎంతయితే గంతనే చెప్పు.”

“ఒక్క పొద్దుల కథల పిలగాని మెడకు యమపాశం పడేదాకనే అయితదయ్యా. వాడు బతికేది మూడోనాడు.”

“పంచాయతి రేడియోల నాటకం గూడ సగంలనే ఆపుతరు. జనం వారందాక ఎదురుచూస్తలేరా?”

“రేడియో వారానికి మల్లొస్తది. నేను ఏడాదికొస్త.”

“అయితే వచ్చే ఏడు బతికియ్యి.”

“కథ ఒడవకుండ పటం చుట్టరాదు. మీ గోడకే ఉండనియ్యుండ్లి.”

“వచ్చే ఏడు నువ్వు రాకపోతే?”

“నా కొడుకు మంచిర్యాల దిక్కు బొగ్గుబావిల చేరిండు. గా పిలగాన్ని బతికిచ్చే ముచ్చట వానికి నేను నేర్పలే.”