రాహుకాలంలో సర్వర్

బుధవారం మధ్యాహ్నం, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్. ఆన్‌లైన్ పరీక్షల కోసం ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్న టెక్నీషియన్ భోజనం చేసి వచ్చి, యజమానిని పిలిచాడు.

“సార్, సైట్ ఓపెనైతలేదు. ఇన్‌స్టాల్ సగంల ఆగింది. మధ్యల సర్వర్ ఎవరన్న బంద్ చేసిన్రా?”

“పన్నెండింటికి రాహుకాలం వచ్చిందండి. కొత్త పని కదా అని నేనే ఆపాను. ఒకటిన్నరకి మళ్ళీ ఆన్ చేశాను.”

“పని పొద్దుగాలనే శురువైంది గద సార్. ఇప్పుడు డేటాబేస్ ఖరాబైంది. మొత్తం మొదటి సంది చెయ్యాలె.”

“మూడింటికి రెండొందల మంది పిల్లలు పరీక్షకి కూర్చుంటారు.”

“కూసుంటరు, లేస్తరు. నాకు ఐదు దాటుతది.”

“మీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ మొరాయించిందని చెబుతాను.”

“ఎన్ని గంటలకు బందైందో సర్వర్‌లనే రాసి ఉంటది సార్.”

“ఎవరు ఆపారో కూడా ఉంటుందా?”

“ఉండది.”

“అయితే కరెంటు పోయిందని చెబుదాం.”