అద్దంలో చూసి అల్లిన పగ్గం

"నాయనమ్మా, ఈ ఎనిమిది పాయల జడ నీకెవరు నేర్పారు?"

గుర్రం కోసం నేర్చుకున్నానే. నీ జడ తరవాతొచ్చింది. నవ్వకు, తల కదిపితే పాయ జారిపోతాది. ఒట్టు, గుర్రం కోసమే. మీ ముత్తాత ఉండీవోడు కదా, అదే, మా మావ, పచ్చితోలు వారులు, అదే, సన్నటి పట్టీలు, కోసి అల్లీవోడు. పచ్చితోలంటే నీ చెప్పుల తోలులాంటిది కాదు. సున్నపునీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకీసి, అలాగే ఎండబెట్టీ తోలు. తడిగా ఉంటే ఎలాగంటే అలాగ వొంగుతాది, ఆరిందా, ఇంక కర్రే. దాంతోటి సెర్నాకోలలు, గుర్రాల పగ్గాలు అల్లీవోడు. మైదానం దగ్గిర ఫిటన్ బండ్లు తిరుగుతాయి సూసినావా, ఇప్పుడు ప్లాస్టిక్ పూలూ లైట్లూ పెట్టుకొని? వాటికే. మీ తాతకి ఆ పని పట్టలేదు. ఓడల డాకులో మూటలు మోసీవోడు. "నాకు తోలు కంపు పడదే" అనీవోడు, రోజంతా ఎండుచేపల మూటలు మోసీసి వొచ్చి. మరేటి సెప్తాం.

నాను పెళ్లై ఈ బెంగాలీ పట్నానికి, ఖిదిర్‌పూర్ వొచ్చీసరికి నాకు పదిహేడేళ్లు. కాదు కాదు, పద్దెనిమిది నిండిపోనాయి, పలాసలో రైలెక్కిన్నాడు మా అమ్మ సెప్పింది. అప్పుడు ట్రాం ఎక్కితే పది పైసలే, మొత్తం ఊరు సూసీయొచ్చు. నాను సూసింది మాత్రం ఆ గదే. ఒక్క గది, ఎనక వంటకి సిన్న సందు, మద్దిన ఒక పాత సీర తెర. మావ కిటికీ దగ్గిర గోడకేసి కూకొని అల్లీవోడు. ఆ గోడకే గెడ్డం గీసుకునీ అద్దం. నాను తెరెనక. ఎందుకంటే కోడలు మావకి ఎదురుగా కూకోకూడదు, నేరుగా మాటాడకూడదు. ఊళ్లో అయితే ఇల్లు పెద్దది, వాకిలుంది, సరిపోతాది. ఇక్కడ మూడు సాపలు పరిస్తే అయిపోయీ గదిలో కూడా అదే పద్ధతి. నాను "అత్తా, మావకి టీ కావాలేటో అడుగు" అంటే, మా అత్త "టీ కావాలేటి?" అనీది. ఆయన "పంచదార తక్కువెయ్యమను" అంటే, మా అత్త నావైపు తిరిగి "పంచదార తక్కువెయ్యమంటన్నాడు." నాకు రెండు సెవులున్నాయే, మొదటిసారే వినపడింది. అయినా రెండోసారి సెప్పీదాకా సెంచా ముట్టకూడదు.

ఇంకోటి సెప్తాను, ఇది నీకు తెలాల. మా ఊళ్లో మా సేత్తో అల్లిన సెర్నాకోల అందరికీ కావాల, మా సేత్తో ఇచ్చిన మంచినీళ్లు మాత్రం ఎవురికీ అక్కర్నేదు. ఇక్కడ బండి తోలీ చాచా ఒకాయన ఉండీవోడు, మావని ఉస్తాద్ అనీవోడు, మా గడప మీదే కూకొని మా గిన్నెలోనే టీ తాగీవోడు. మొదటిసారి సూసినప్పుడు తెరెనక నాను గిన్నెలు తోమడం ఆపీసినాను. అనుకున్నాను, ఓహో, ఈ పని సేస్తే ఉస్తాద్ అంటారన్నమాట.

ఇంక సూడు, ఆయన గుండ్రటి తోలుముక్క ఒకటి తీసుకొని అంచునుంచి కోసుకుంటూ పోతే, జంతిక సుట్టలాగ, ఒకటే వారు, తెగకుండా, గది సుట్టూ నాలుగుసార్లు తిరిగొచ్చీది. నాకు వేళ్లు దురదలెత్తిపోయీవి. మా అత్త సేత అడిగించినాను, నాక్కూడా నేర్పమని. మావ ఏటన్నాడు? "ఆడదానికి నేర్పితే పని అత్తోరింటికెల్లిపోతాది." నాను తెరెనకనుంచి, "అత్తా, నాను అత్తోరింట్లోనే ఉన్నానని సెప్పు" అన్నాను.

మా అత్త సెప్పలేదు. నోట్లో కొంగు కుక్కుకొని నవ్వింది. సెప్పక్కర్నేదు కూడా, ఆయనకి వినపడీసింది. "దానికి నోరెక్కువ. నా కత్తి గానీ తోలు గానీ ముట్టుకుందా, పలాసకి టిక్కెట్టు కొనీసి పుట్టింటికి పంపీస్తానని సెప్పు" అన్నాడు. అన్నంత పనీ సేసీ మనిషే. నాకేమో ఎల్లాలని నేదు, ఊరుకోవాలనీ నేదు.

ముట్టుకోకూడదన్నాడు గానీ సూడొద్దన్నేదు కదా. తెరకి ఒక సిరుగుంది. అందులోంచి సూస్తే ఆయన వీపు. వీపు పక్కన అద్దం. అద్దంలో ఆయన సేతులు. ఇంకేటి కావాల? నాకు తెలివి ఎక్కువ, అదే నా కొంప ముంచింది. అద్దంలో కుడి ఎడమవుతాది, ఎడమ కుడవుతాది అంటారు కదా. సరే, మారిపోయిందని లెక్కేసి నాను మళ్లీ మార్చీసినాను. అద్దంలో కుడి పేట ఎడమ పేట మీదకొస్తే, నాను ఎడమ పేట కుడి మీదకి. నిజానికి ఆయన ఎనక నిలబడి సూస్తే ఆయన కుడిసెయ్యి అద్దంలోనూ కుడివైపే ఉంటాది. ఆ సంగతి నాకెవురు సెప్పాల?

మొదట సీర అంచులు సింపి అల్లినాను. తరవాత మా అత్త తల. నిజమే. తలంటి పోసి ఎనిమిది పాయలూ అల్లీసినాను, ఆవిడ కొళాయి దగ్గిరికెల్తే పాడాలో, అదే, మన వాడలో, ఆడోళ్లంతా లైను ఒదిలీసి ఆవిడ ఎనకాల. ఎవురూ ఇప్పలేకపోనారు, నాలుగు రోజులు అలాగే తిరిగింది, మహారాణిలాగ. ఆ తరవాత మావ పారేసిన తోలుముక్కలు ఏరుకొని బొడ్లో దోపుకొనీదాన్ని. పచ్చితోలు వాసనకి ఈదిలో కుక్కలన్నీ నా ఎనకే. మీ తాత "నీకు కుక్కలంటే అంత ఇష్టమేటే" అని అడిగినాడు పాపం.

అప్పుడు చాచా కొత్త పగ్గాల జత కావాలని సెప్పినాడు. శుక్రారం ఏదో పెళ్లికి బండి కట్టాల. మావ ఒక పగ్గం అల్లీసి ఆరబెట్టినాడు, రెండోదానికి వారులు కోసి నీళ్లలో యేసినాడు. ఆ రోజే ఆయనకి జొరం. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటన్నాయి. వారులేమో బాల్చీలో. రెండ్రోజులు దాటితే కుళ్లిపోతాయే, మళ్లీ అంత మంచి తోలు దొరకదు. మా అత్త బాల్చీ సూసింది, నన్ను సూసింది. "కుళ్లిపోనా తిడతాడు, ముట్టుకున్నా తిడతాడు. అల్లీయ్" అంది.

తలుపు గడియకి ముడేసి, అడుగు ఎనక్కేసుకుంటూ అల్లినాను. వంట సందులోంచి వరండాలోకి వొచ్చీసినాను, మెట్ల దాకా పోనాను. వారు ఆరిపోతంటే నీళ్లు సల్లుకోవడం, మళ్లీ లాగి బిగించడం. వేళ్లు కోసుకుపోనాయి గానీ నాకు నవ్వాగలేదు. ఎందుకో తెల్దు, పెళ్లిలో కూడా అంత సంబరం నేదు నాకు. అల్లీసి నీడలో ఆరబెట్టి, కొవ్వు రాసి, మావ పగ్గం పక్కన తగిలించినాను. అచ్చు అలాగే ఉందనుకున్నాను.

శుక్రారం పొద్దున్న మావ లేచినాడు. రెండూ పక్కపక్కన పట్టుకున్నాడు. ఆయన పేటలు ఇటు వాలి ఉన్నాయి, నావి అటు. ఎవురు సేసినారని కూడా అడగలేదు. "టిక్కెట్టు" అన్నాడు, అంతే. మా అత్త నావైపు తిరిగింది గానీ ఆ మాట అందించలేకపోనాది. ఇంతలో కింద గుర్రం సకిలించింది. చాచా.

మావ ఇవ్వనన్నాడు, పాడైపోయిందన్నాడు. చాచా వింటాడేటి, పెళ్లోళ్లు కూకున్నారు అక్కడ. రెండూ లాక్కొని ఎల్లి కట్టీసినాడు. కట్టీసి ఎనక్కి జరిగి సూసినాడు, మళ్లీ బండెక్కి లాగి సూసినాడు. అంతకుముందెప్పుడూ ఒక గొడవుండీది. ఒక పగ్గం గుర్రం మెడకి అతుక్కొని బుద్ధిగా ఉండీది, రెండోది మెలి తిరిగి పాములాగ లేచీది. రెండూ ఒకే వైపు అల్లినవి కదా మరి. ఇప్పుడు ఒకటి అటు, ఒకటి ఇటు. రెండూ మెడమీద సాపలాగ పరుసుకున్నాయి. చాచా హిందీలో అరిసినాడు, "ఉస్తాద్, ఇన్నేళ్లు ఈ విద్య ఎక్కడ దాసినావు? ఇంక నాకు ఇలాంటి జతే కావాల."

మావ మెట్లు దిగినాడు, ఎనకాలే అత్తా నానూ. నా పగ్గం అందుకొని, మొదట్నించీ బొటనవేలు పెట్టి తడుముకుంటూ పోనాడు. ఒక దగ్గిర ఆగినాడు. మా అత్తవైపు కాదే, నావైపు తిరిగినాడు. నా మొహంలోకి సూసి, "ఇక్కడ వారు ఆరిపోయింది. తడి సూసుకోలేదు. వొదులైపోయింది" అన్నాడు.

మా అత్త అలవాటుగా, "ఇక్కడ వారు ఆరిపోయిందంట, తడి..." అని మొదలెట్టింది. ఆయన "నువ్వుండవే, దానితోటే మాటాడతన్నాను" అన్నాడు.

ఇంక నాకు నవ్వు. ఆగదే. మెట్లమీద కూలబడిపోయి, మొహానికి కొంగు అడ్డంపెట్టుకొని, ఒళ్లంతా ఊగిపోయీలాగ. మా అత్త ఏడుస్తన్నాననుకొని వీపు నిమురుతంది, "పోనీయే, జొరంలో తిట్టినాడు, పట్టించుకోకు" అని. ఏడుపేటి అత్తా, నాకు తప్పు సూపించినాడు. రైలెక్కించి పంపీయాలనుకున్న కోడలికి ఎవురైనా తప్పు సూపిస్తారేటి?

ఆ తరవాత పదకొండేళ్లు, ఆయన పోయీదాకా, ఒక్కరోజు నా పని బాగుందని అన్లేదు. ఒక్కరోజు సూడకుండా ఒదల్నూ నేదు.

నువ్వు కాలేజీలో పోటీలకి నిలబడి మాటాడితే ఎదుటోళ్లు నోరు మూసుకుంటారంట కదా, మీ అమ్మ సెప్పింది. మంచిదే, మూయించు. కానీ అమ్మీ, నువ్వు సేసింది సేతిలోకి తీసుకొని, ఓపిగ్గా తడిమి, ఇదిగో ఇక్కడ వొదులుందని నీ మొహం సూసి సెప్పీ మనిషి ఒక్కరైనా నీకు దొరకాల. నూరేళ్లు బతుకు తల్లీ. అందులో ఓ పదేళ్లైనా అలాంటి తిట్లు తింటూ బతుకు.