పదకొండో నిమిషం

యాప్‌లో వచ్చే సీరియల్‌కి నిర్మాత ఆయన. ఎదుటి కుర్చీలో ఉన్న హాస్యనటుడు ఆయన సొంత బావమరిది. మధ్యలో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది.

“గ్రాఫులో ఈ గీత చూడు. పదకొండో నిమిషంలో నువ్వొస్తావు, జనం పోతారు. వచ్చే ఎపిసోడ్ నుంచి నువ్వు లేవు.”

“గీత చూసి నా రాత మార్చేస్తావా బావా?”

“మార్చేది నేను కాదు, లెక్కలు. నలభై వేలమంది నీ మొహం చూడలేక కట్టేశారు.”

“ముప్ఫై ఏళ్లుగా ఇదే మొహం. నవ్వి పోయినవాళ్లున్నారు గానీ, చూసి పారిపోయినవాళ్లు లేరు. ఏదీ, ఆ నిమిషం వెయ్యి.”

“నాకు పనుంది.”

“అక్కకి ఫోన్ చెయ్యమంటావా?”

“వేస్తున్నాను, ఏడువు.”

“ఆపు. నా జోకు ఇంకా సగంలోనే ఉంది. నా బదులు ఈ సబ్బు నురగలు కక్కుతోందేం?”

“ప్రకటన. రెండు నిమిషాలు.”

“అంటే జనం పారిపోయింది సబ్బుని చూసి. దాన్ని సరిగ్గా నా జోకు మధ్యలో పెట్టించిన మహానుభావుడెవడు?”

“నేనే.”

“అంత సీరియల్ ఉండగా అక్కడే ఎందుకు?”

“అక్కడైతే ఎవరూ లేచిపోరనుకున్నాను.”