చక్రం కనిపెట్టిన దగ్గర్నుంచి

రేపు బస్సు డిపో అధికారి ముందు వీధి తరఫున మాట్లాడాల్సిన నాన్న, అమ్మ కుట్టుమిషన్ పక్కన నిలబడి తన ఉపన్యాసం మొత్తం చదివాడు.

“ఎలా ఉందే?”

“చక్రం ఎవరు కనిపెట్టారో తెలిసింది. ఇంతకీ ఇదంతా విని ఆయనేం చెయ్యాలండీ?”

“చప్పట్లు కొట్టాలి.”

“కొడితే మన వీధి చివర బస్సు ఆగుతుందా? పిల్ల బడికి రోజూ రెండు మైళ్లు నడుస్తోంది. కుట్టాల్సింది జాకెట్టో గౌనో అడక్కుండా నేను గుడ్డకి కత్తెర పెడతానా?”

“మరేం చెప్పమంటావు?”

“‘మా వీధి చివర బస్సు ఆపండి’ అని కూర్చోండి.”

“అంతేనా! మరి నా నాలుగు పేజీలు?”

“జేబులో ఉంచుకోండి. ఆపనన్నాడో, మొదటి పేజీ తియ్యండి. చక్రం దగ్గరికొచ్చేసరికే ఒప్పుకుంటాడు.”